నేర్చుకున్నది గేటు దగ్గర అప్పగించి వెళ్లవలెను

మా మండలి పుట్టడానికి ఒక కుళాయి కారణం.

ప్రభుత్వంవారు అంతర్జాలం మీద, కాపీ హక్కుల మీద కొత్త నియమాలు తేదలచి, ముసాయిదాను వెబ్‌సైటులో పెట్టి, ప్రజలారా మీ అభిప్రాయం చెప్పండి అన్నారు. ప్రజలు చెప్పారు. ఒకాయన తమ వీధి కుళాయిలో నీళ్లు రావడం లేదన్నాడు. ఒకావిడ తమ ఊరికి ఆపేసిన బస్సు మళ్లీ వేయమంది. చాలామంది గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం చెప్పారు. కాపీ హక్కుల గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. దాంతో పైవారికి ఒక సత్యం బోధపడింది. ప్రజలకు అభిప్రాయాలున్నాయి గాని, అడిగిన విషయం మీద లేవు. ఆ లోటు పూడ్చడానికి పుట్టిందే మా ‘అంతర్జాల, కాపీహక్కుల విధాన అవగాహన మండలి’. ఈ విషయాలకు కొత్తవారిని పిలిచి, ముసాయిదా అంటే ఏమిటో, అభ్యంతరం ఎలా రాయాలో, ఎక్కడ ఇవ్వాలో నేర్పడం మా పని. మా దగ్గర శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం ఉంటేనే ఇకపై ఎవరి అభ్యంతరమైనా తీసుకుంటారు. కుళాయిలనూ గులాబీలనూ ఆపడానికి ఆ కట్టుబాటు.

నేను అందులో శిక్షకుణ్ని. అంతకుముందు ఒక ట్యుటోరియల్‌లో పౌరశాస్త్రం చెప్పేవాణ్ని. నా నోరే నా జీవనాధారం. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

సంచాలకులు కోదండపాణి గారు కోళ్ల అభివృద్ధి శాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. వచ్చీ రాగానే ‘తొలి అడుగు’ అని ఒక కరదీపిక రచించారు. అందులో ఆయన ఫొటోలు మూడు, ఆయన ముందుమాట ఒకటి, ఆయన గురించి ఆయనే రాయించుకున్న ప్రశంస ఒకటి. మిగిలినదంతా ప్రభుత్వ ముసాయిదాయే. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా దింపేశారు. అట్ట వెనకాల మాత్రం ‘సర్వహక్కులు సంచాలకులవి’ అని ఉంది.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. కొత్తవాళ్లు వచ్చేవారు, నేను చెప్పేవాణ్ని, వాళ్లు అడిగేవారు. జిరాక్సు దుకాణం గట్టయ్య అందరికంటే శ్రద్ధగా వినేవాడు. ఈ నియమాలొస్తే తన దుకాణం ఏమవుతుందోనని అతని భయం. ఒకరోజు అతను సంచాలకుల దగ్గరికి వెళ్లి, “సార్, ఈ పుస్తకం ఇంటికాడ సదువుకుంట. ఒక్క జిరాక్సు తీసుకోనా?” అని అడిగాడు.

కోదండపాణి గారు గ్లాసెడు మంచినీళ్లు తాగి గాని మాట్లాడలేకపోయారు. అదే వారం పక్క జిల్లా మండలివాళ్లు మా కరదీపికను తెచ్చుకుని, అట్ట మార్చి, తమ సంచాలకుల ఫొటోలు పెట్టి పంచుతున్నారని కబురు వచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఇక సర్క్యులర్లు మొదలయ్యాయి.

మొదటి సర్క్యులరు: కరదీపిక హాలు దాటరాదు. 

సరే, మంచిదే. హాల్లోనే చదివించాను. గట్టయ్య పక్కనున్న పెద్దాయనకు చూపు ఆనదు, అందుకని గట్టయ్య పైకి చదివి వినిపించాడు. రెండో సర్క్యులరు వచ్చింది: పైకి చదువుట బహిరంగ ప్రదర్శన కిందికి వచ్చును, కావున నిషిద్ధము. అందరూ మనసులో చదువుకోవడం మొదలుపెట్టారు. అర్థం కాని చోట నన్ను అడిగేవారు. నేను పుస్తకంలోని మాటలతోనే చెబితే అది నకలట. పోనీ నా సొంత మాటల్లో చెబితే అది అనుసరణట. అనుసరణ హక్కు కూడా సంచాలకులదే.

“మరి నేనేం చెప్పాలి సార్?” అని అడిగాను.

“మీరు ఏమియు చెప్పనవసరం లేదు. మీరు హాజరుగా ఉండండి. తమ ఉనికియే శిక్షణ,” అన్నారు.

అలా మూడో సర్క్యులరుతో నా నోరు మూతపడింది. రోజూ కుర్చీలో కూర్చునేవాణ్ని. ఎదురుగా కొత్తవాళ్లు కూర్చునేవారు. నేను వాళ్లను చూసేవాణ్ని, వాళ్లు నన్ను చూసేవారు. పదకొండింటికి టీ వచ్చేది. చిత్రమేమిటంటే, నేను చెప్పడం మానేశాక హాజరు బాగా పెరిగింది. పైనుంచి అభినందన కూడా వచ్చింది.

కాని కోదండపాణి గారికి నిద్ర పట్టలేదు. పుస్తకం లోపలే ఉంది, సరే. పుస్తకంలోని విషయం చదివినవాళ్ల తలల్లో కూర్చుని దర్జాగా గేటు దాటి పోతోంది గదా! నాలుగో సర్క్యులరు గేటుకు అంటించారు: ‘నేర్చుకున్నది గేటు దగ్గర అప్పగించి వెళ్లవలెను.’ గేటు దగ్గర వాచ్‌మన్ కొమురయ్యను నిలబెట్టారు. వెళ్లే ప్రతివాణ్నీ అతను “ఏం నేర్సుకున్నవ్?” అని అడగాలి. ఏమీ లేదన్నవాడికి అక్కడికక్కడే ధ్రువపత్రం ఇచ్చి పంపాలి. ఏదో నేర్చుకున్నానన్నవాణ్ని విస్మరణ గదికి తోలాలి. అది పాత కుర్చీలు వేసే గది. నేర్చుకున్నది మరచిపోయేదాకా అక్కడ కూర్చోబెడతారు.

మరపు రావడానికి మొదట టీవీ పెడదామనుకున్నారు. సీరియల్ వేస్తే దానికెవరి అనుమతి కావాలో తేలలేదు. చివరికి కోదండపాణి గారు తమ స్వంత రచన అయితే ఏ పేచీ ఉండదని, కోళ్ల శాఖలో ఉండగా తాము జారీ చేసిన టీకాల సర్క్యులర్లను స్వయంగా చదివి వినిపించారు. అది అద్భుతంగా పనిచేసింది. గట్టయ్య ఒక పూట విని బయటికి వచ్చి, దుకాణం తాళంచెవి జేబులోనే పెట్టుకుని ఊరంతా వెతికాడు.

ఇలా మా మండలి ఏమీ తెలియనివాళ్లకు ధ్రువపత్రాలిస్తూ ప్రశాంతంగా నడుస్తున్న రోజుల్లో ఓదమ్మ వచ్చింది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. నాట్ల కూలికి పోయే మనిషి. వస్తూనే నా ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

“సారూ, మా అవ్వ నర్సవ్వ నాటుపాటలకు పెట్టింది పేరు. ఆమె పాటెత్తుకుంటె మడి మడంత పలికేది. నా ఫోన్ల ఒక్క పాట పట్టిన. మా కోడలు దాన్ని నెట్ల పెట్టింది. ఇగ మా అవ్వ సచ్చిపోయింది. ఆ ఫోన్ నాట్లల్ల బురదల పడి ఖరాబయింది. పోతే పోనీ, నెట్ల ఉన్నది గదా అనుకున్న. మొన్న సూస్తే తీసేసిన్రు. పాట మా అవ్వది గాదట! ఎవలో కంపెనీవోళ్లు డీజే పెట్టి గదే పాట కొట్టిన్రు. గిప్పుడది వాళ్లదట. యంత్రం జెప్పిందట. గా యంత్రానికి మా అవ్వ ఎర్కనా సారూ?”

నాకు సంగతి అర్థమైంది. ముసాయిదాలో ఒక అంశం ఉంది. ఎవరైనా ఒకటి తమదని ముందుగా యంత్రంలో నమోదు చేసుకుంటే, దాన్ని పోలినవన్నీ యంత్రం తీసేస్తుంది. అడగడం, విచారించడం వంటి పాతకాలపు అలవాట్లు దానికి లేవు. ముసాయిదా ఇంకా నియమం కాకపోయినా, వెబ్‌సైటువాళ్లు భయభక్తులతో ముందే పాటించేసి పాటను ఆపేశారు. శుక్రవారం సాయంత్రం ఐదింటితో అభ్యంతరాల గడువు ముగుస్తుంది. ముసాయిదా నియమం కాగానే, ఆపినవన్నీ శాశ్వతంగా చెరిపేస్తారు. అంటే ఆమె తల్లి నర్సవ్వ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు.

ఇదంతా చెప్పాలి. అభ్యంతరం ఇలా రాయమ్మా, ఈ కిటికీలో ఇవ్వమ్మా అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ రోజు నా మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

“సారుకు నోరు రాదా?” అని ఆమె జాలిగా అడిగింది.

“నోరున్నదక్కా. పర్మిషన్ లేదు,” అన్నాడు గట్టయ్య.

ఓదమ్మ హాలంతా కలియజూసింది. “నాట్లల్ల గిట్ల ఊకుంటె పని సాగదు తమ్మీ. ఒక్కలంటె అందరం అనాలె. ఒక్కలు అని, మిగిలినోళ్లు ఊకుంటే అది పాటే గాదు,” అని, కొంగు నడుముకు చుట్టి, నాటుపాట వరసలో ఎత్తుకుంది:

“పాట మాది గాదని వాళ్లంటాండ్రు సారూ, మాదని మేమనొచ్చునా?”

హాలు హాలంతా అదే మాట అదే వరసలో తిరిగి అంది. నేను తల ఊపాను. అనొచ్చు అని.

“కాయితం రాస్తె ఇనేటోళ్లుంటరా?” ఊపాను.

“పుస్తకంల మాట రాయాల్నా, నా కడుపుల మాట రాయాల్నా?” కడుపు మీద చెయ్యి వేసి చూపించాను.

అలా మధ్యాహ్నం దాకా పాడుతూ, నా తల ఊపులతోనే ఆమె మొత్తం రాబట్టుకుంది. మండలి పుట్టినప్పటి నుంచి జరిగిన శిక్షణ అంటే అదొక్కటే. మధ్యలో కోదండపాణి గారు తలుపు దగ్గర నిలబడి ఉండటం నేను చూడలేదు.

“శిక్షక మహాశయా, తమరు శిరస్సు ద్వారా ప్రచురణ గావించుచున్నారు,” అన్నారు.

సాయంత్రానికల్లా ఎముకల డాక్టరు దగ్గర్నుంచి మెడపట్టీ తెప్పించి నా మెడకు బిగించారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. మా ఆఫీసులో అది సర్క్యులరు నంబరుతో సహా జరిగింది.

గేటు దగ్గర కొమురయ్య అడిగాడు. “ఏం నేర్సుకున్నవక్కా?”

“మస్తు నేర్సుకున్న తమ్మీ,” అంది ఓదమ్మ సంతోషంగా.

కొమురయ్య తల పట్టుకున్నాడు. ఆమెను విస్మరణ గదిలో కూర్చోబెట్టారు. రోజూ పొద్దున రావడం, అక్కడ కూర్చోవడం, చీకటి పడ్డాక, మరచిపోలేదని ఒప్పుకోలు రాసిచ్చి, తెల్లారి వచ్చి మరచిపోతానన్న షరతు మీద ఇంటికి పోవడం. కోదండపాణి గారు బ్రాయిలరు కోళ్ల నుంచి నాటు కోళ్ల దాకా సర్క్యులర్లన్నీ చదివారు. చదివీ చదివీ ఆయనే తన భార్య చెప్పిన సరుకులు మరచిపోయి ఇంట్లో చీవాట్లు తిన్నారు. ఓదమ్మ మాత్రం చెక్కు చెదరలేదు.

“నా తలకాయ మా అవ్వ తయారు జేసింది సారూ. మోకాటి బురదల నిలబెట్టి నేర్పింది. ఒక్కసారి ఇన్నదాన్ని అది ఇడువదు,” అంది.

గురువారం కొమురయ్య ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. “అక్కా, ఏం నేర్సుకోలే అని ఒక్క మాట అను. కాయితం ఇస్త. పో.”

“అబద్ధమాడి మా అవ్వను తెచ్చుకోవాల్నా?” అంది ఓదమ్మ. ఆ రోజూ గదిలోనే కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం, గడువు ముంచుకొస్తుంటే ఆమె పట్టు సడలింది. గేటు దగ్గరికి వచ్చి, కొమురయ్య మొహం చూడకుండా, “ఏం నేర్సుకోలే,” అంది. అన్నాక కళ్లు తుడుచుకుంది. అతను ఆమె చేతిలో ధ్రువపత్రం పెట్టాడు. గట్టయ్య కాగితం పట్టుకుని రెడీగా ఉన్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్లారు. కిటికీ వెనక అభ్యంతరాలు తీసుకునేదీ కోదండపాణి గారే. నేను వెనక కుర్చీలో మెడపట్టీతో హాజరుగా ఉన్నాను.

ఆయన కాగితం పైకి చదివారు.

‘నా పేరు ఓదమ్మ. పాట మా అవ్వది. మా అవ్వ సచ్చిపోయింది. పాట సావలేదు, మీ యంత్రంల ఇంక ఊపిరితోని ఉన్నది. దాన్ని సంపకుండ్రి. ఎవలు పాడుకున్నా మాకు కోపం లేదు. మమ్ముల పాడొద్దనకుండ్రి.’

చదివి, కళ్లద్దాలు సవరించుకుని, “ఇది స్వీకారయోగ్యము కాదు,” అన్నారు.

“ఎందుకు సారూ?”

“తమకు ఏమియు తెలియదని ధ్రువపత్రము ఉన్నది. ఏమియు తెలియనివారు ఇంత స్పష్టముగా వ్రాయజాలరు. కావున ఇది నకలు.”

“మరి అన్నీ తెల్సినోళ్లు ఇస్తె?” అన్నాడు గట్టయ్య.

“వారికి ధ్రువపత్రము ఉండదు గదా!”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓదమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని, “గా మాటలు నా కడుపుల కెల్లి వచ్చినయి సారూ. నకలు గాదు,” అంది.

కోదండపాణి గారు నవ్వారు. “మన మధ్య వాదము ఎందుకు? యంత్రమే తేల్చును,” అన్నారు. నకళ్లు పట్టే ఆ యంత్రాన్నే పైవాళ్లు మండలికీ ఇచ్చారు. కంప్యూటర్ తెరిచి, కరదీపిక మొత్తం తమ పేర నమోదు చేసి, దాన్ని పోలినది ఎక్కడున్నా పట్టి తొలగించమని మీట నొక్కారు. ఓదమ్మ కాగితాన్ని కూడా దానికి చూపించారు.

ఆపమని చెప్పాలనుకున్నాను. చెబితే అనుసరణ అవుతుంది. తల అడ్డంగా ఊపాలనుకున్నాను. మెడపట్టీ ఒప్పుకోలేదు.

యంత్రం కాసేపు తిరిగి, ‘ఒక పూర్తి నకలు దొరికింది. తొలగించబడింది’ అంది.

“చూచితిరా!” అని కోదండపాణి గారు బల్ల మీద చరిచారు. ఓదమ్మ కింద కూలబడింది.

గట్టయ్య కిటికీలోంచి మెడ సాచి తెర చూశాడు. జిరాక్సుల వృత్తిలో ఉన్నవాడు గదా, ఏది అసలో ఏది నకలో చూడటం అలవాటు. “సార్, అక్క కాయితం గాదు. అండ్ల ప్రభుత్వం వెబ్‌సైటని రాసున్నది,” అన్నాడు.

కోదండపాణి గారు వంగి చూశారు. ప్రభుత్వంవారి వెబ్‌సైటులో ముసాయిదా ఉండవలసిన చోట ఖాళీ జాగా ఉంది. ‘ఈ రచన సంచాలకులు కోదండపాణి గారి సొత్తు. అనుమతి లేకుండా ఇక్కడ ఉంచినందున తొలగించడమైనది’ అని ఎర్రక్షరాలతో ఉంది.

కాసేపటికే పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. గడువు ముగిసే దాకా ప్రజల ముందు లేని ముసాయిదా చెల్లదట. ఐదింటిలోగా మళ్లీ పెట్టాలి. పెట్టడానికి వాళ్ల దగ్గర ఇంకో ప్రతి లేదు. నకలు ఉంచుకోవడం తప్పని ఆ ముసాయిదాలోనే ఉందని, అందరికంటే ముందు దాన్ని వాళ్లే పాటించారు.

“మీ కరదీపికలో ముసాయిదా అంతా ఉందట గదా, వెంటనే పంపండి,” అని ఫోనులో గొంతు అరుస్తోంది. మాకందరికీ వినిపించింది.

కోదండపాణి గారు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డారు. పంపితే, పుస్తకం తాము రాయలేదని ఒప్పుకున్నట్టు. “అయ్యా, సదరు కరదీపిక నా స్వతంత్ర రచన. అందు ముసాయిదా లవలేశమును లేదు. పైగా అది హాలు దాటరాదని సర్క్యులరు కలదు,” అన్నారు.

గోడ గడియారం ఐదు కొట్టింది. ముసాయిదా చచ్చిపోయింది.

ఓదమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. గోడకు ఆనుకుని అలాగే కూర్చుంది. అంతలో గట్టయ్య ఫోన్ మోగింది. ఊళ్లోంచి ఆమె కోడలు. పాట మళ్లీ నెట్‌లో కనబడుతోందట. ఆపడానికి ఆధారమైన నియమం ఇప్పుడు ఎక్కడా కనబడటం లేదు కాబట్టి విడుదల చేశామని వెబ్‌సైటువాళ్లు రాశారట. గట్టయ్య గేటు దగ్గర నిలబడి ఫోన్ గొంతు పెంచి పాట పెట్టాడు.

ముందు బురదలో కాళ్ల చప్పుడు వినబడింది. ఎవరో దగ్గారు. తరవాత నర్సవ్వ గొంతు లేచింది:

“వంగినోళ్లం వంగినట్టె లేవకుంటిమి
లేచి సూసె యాల్లకు మడి పచ్చనాయెనే...”

ఓదమ్మ లేచి నిలబడింది. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా ఆ చరణాన్ని తిరిగి అంది. గట్టయ్య అన్నాడు. హాల్లో కొత్తవాళ్లు బయటికి వచ్చి అన్నారు. కొమురయ్య గేటు పట్టుకుని అన్నాడు. నేను మెడపట్టీ విప్పి కుర్చీలో పెట్టి వెళ్లి వాళ్లతో కలిసి అన్నాను. అన్నాళ్ల తరవాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎంత బాగుందో చెప్పలేను.

పాట అయ్యాక ఓదమ్మ కొంగు సర్దుకుని బయలుదేరింది. ఆఫీసు కిటికీలోంచి కోదండపాణి గారు చూస్తున్నారు. కొమురయ్య తప్పక అడగవలసిన మాట అడిగాడు.

“ఏం నేర్సుకున్నవక్కా?”

“ఏం లేదు తమ్మీ. గిది నాకు పుట్టినకాన్నుంచి ఎర్కనే,” అంది. ఈసారి అతని మొహంలోకి చూసే అంది. అందులో అబద్ధం లేదు. కొమురయ్య గేటు బార్లా తీశాడు.

ఆ తరవాత జరిగినవి మీరు పత్రికల్లో చూసే ఉంటారు. ఒక్క అభ్యంతరమైనా లేకుండా ఒక ముసాయిదాను వెనక్కి పంపించగలిగిన ఏకైక మండలిగా మాకు ప్రశంస వచ్చింది. కోదండపాణి గారికి శాలువా కప్పారు. కొత్త ముసాయిదా తయారుచేసే బాధ్యత ఆయనకే అప్పగించారు, స్వతంత్ర రచనలో అనుభవజ్ఞులని.

ఆ సాయంత్రం ఓదమ్మ వెనకాలే నేనూ గేటు దాటబోయాను. కొమురయ్య మొహం చిన్నబుచ్చుకుని అడ్డం వచ్చాడు. “సార్, మీరేం నేర్సుకున్నరు?”

ఏమీ లేదు అంటే ఇంటికి పోవచ్చు. అనలేకపోయాను.

అందుకే ఇది విస్మరణ గదిలో కూర్చుని చెబుతున్నాను. రోజూ కోదండపాణి గారు శాలువాతో సహా వచ్చి, “మరచిపోయితిరా?” అని అడుగుతారు. నేను లేచి నిలబడి ఆ చరణం పాడి వినిపిస్తాను. నిన్న ఆయన తలుపు మూసుకుని వెళ్తూ, తనకు తెలియకుండానే, రెండో పంక్తి అందుకున్నారు.